నీకెట్ల తెలుసు?

కార్వేటినగరం స్కందపుష్కరిణి మెట్ల మీద ఒక ఆదివారం పొద్దున పదకొండు మంది కూచున్నారు. అందరూ టీచర్ ట్రైనింగ్ చదివే పిల్లలు. పిల్లలు అంటున్నాను గానీ ఇంకొన్నాళ్లకు వీళ్లే ఏదో ఒక ఊళ్లో నాలుగో తరగతి ముందు చాక్‌పీసు పట్టుకుని నిలబడతారు. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఉపాధ్యాయుల్ని తయారుచేసే డైట్ కాలేజీ ఉన్నది ఈ ఊళ్లోనే. నేను కాలేజీ పిలిస్తే వెళ్లలేదు. తెలిసిన కుర్రాడొకడు “సార్, పిల్లోళ్ల చేత వ్యాసం ఎట్ల రాయించాలో మాకు కొంచెం చెప్పండి” అంటే సెలవు రోజు చూసుకుని పుత్తూరులో బస్సెక్కాను, అంతే.

మొదట సులువైన ప్రశ్నే వేశాను. “ఈ ఊరికి ఈ పేరెట్ల వచ్చింది?”

తొమ్మిది మందిది ఒకటే జవాబు. “కాడు వెట్టి సార్. అరవంలో కాడు అంటే అడివి. వెట్టి అంటే నరికి. అడివి నరికి కట్టినారు కాబట్టి కాడువెట్టినగరం. అదే కార్వేటినగరం అయింది.”

“నీకెట్ల తెలుసు?”

మెట్ల మీద చప్పుడు లేదు. ఒకమ్మాయి చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది. కాసేపటికి ఒకడన్నాడు, “అందరూ అదే చెప్తారు సార్.” ఇంకొకడు, “మా సారు చెప్పినాడు.” మూడోవాడు ఫోన్ తీసి చూపించాడు, “నెట్‌లో కూడా ఉండాది సార్.”

“నీకెట్ల తెలుసు” అనే మాట మన ఇళ్లల్లో ప్రశ్న కాదు, తిట్టు. పెద్దవాళ్లని చిన్నవాళ్లు అడిగితే ఎదురు మాట్లాడటం. పెద్దవాళ్లు చిన్నవాళ్లని అడిగితే నోరు మూసుకోమనడం. బడిలో ఆ ప్రశ్న అడిగే హక్కు ఒక్క టీచరుదే, దానికి చెల్లే జవాబు కూడా ఒకటే: “పుస్తకంలో ఉంది.” అందుకే ఆ పిల్లల ముఖాల్లో భయం చూసి నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. నాకు గుర్తొచ్చింది వేరే.

పాతికేళ్ల కింద నేను ఈ జిల్లాలోనే ఒక బడిలో తెలుగు చెప్పేవాణ్ని. కరువు రోజులు. తొమ్మిదో తరగతికి ‘నీటి పొదుపు’ మీద వ్యాసం రాయమన్నాను. నలభై పేపర్లలో ముప్పై తొమ్మిది ఒకే వాక్యంతో మొదలయ్యాయి. నీరు సకల జీవకోటికి ప్రాణాధారం. గైడులో ఉన్న వాక్యమే. నలభయ్యో పేపరు ఇట్లా ఉంది, నాకు గుర్తున్నంత వరకూ: మా ఊళ్లో ఇరవై మూడు బావులుండాయి. నాలిగిట్లోనే నీళ్లుండాయి. బోర్లు ఏసినోళ్ల బావులు ముందు ఎండలేదు, ఏసుకోలేనోళ్ల బావులే ముందు ఎండినాయి. కాబట్టి పొదుపు చెయ్యమని చెప్పాల్సింది ఎవురికి?

ఆ పేపరుకి పదికి మూడు వేశాను. ఎర్ర ఇంకుతో మార్జిన్‌లో రాశాను: “విషయాంతరం. భాష దిద్దుకోవాలి.”

ఇప్పుడు ఆ నాలుగు వాక్యాలు తలుచుకుంటే సిగ్గేస్తుంది. లెక్క ఉంది. ఆ లెక్కలోంచి ఎవరూ చూడని ఒక సంగతి తీశాడు. ఆ సంగతిలోంచి ఒక ప్రశ్న తీశాడు. వ్యాసం అంటే అంతకంటే ఏం కావాలి? నాకప్పుడు కనపడింది ‘ఏసినోళ్ల’ అనే మాట ఒక్కటే.

ఆ గుడ్డితనం నా ఒక్కడి సొంతం కాదని తర్వాతెప్పుడో తెలిసింది. దానికో చరిత్ర ఉంది. నా తప్పును దాని మీదికి తోసెయ్యడానికి కాదు గానీ, అది చెప్పుకోదగ్గ చరిత్ర.

తెలుగులో వ్యాసం అనే ప్రక్రియ మొదలైనప్పుడు దాని పేరు వ్యాసం కాదు. రాజమండ్రి వైపు మునసబుగా పనిచేసిన సామినేని ముద్దునరసింహం నాయుడు చదువు గురించి, వైద్యం గురించి, పెళ్లి గురించి, మంత్రాలూ భూతాల గురించి వాడుకకు దగ్గరి తెలుగులో రాసి ‘హితసూచని’ అని పేరు పెట్టాడు. ఆయన 1856లో పోయాడు, పుస్తకం 1862లో అచ్చయింది. అందులోని రచనలకు ఆయన పెట్టుకున్న పేరు ‘ప్రమేయం’. నాకు ఈ మాట మహా ఇష్టం. ప్రమాణంతో తేల్చవలసింది ప్రమేయం. వ్యాసం అంటే విస్తరించి చెప్పడం, ఉపన్యాసం అంటే ఎదురుగా కూచున్నవాళ్లకు చెప్పడం. ప్రమేయం అనగానే మాత్రం పక్కనే ఇంకో కుర్చీ వేసినట్టు, ప్రమాణం ఎక్కడ అని అడగాల్సి వస్తుంది. కోర్టులో సాక్ష్యాలు విన్న మనిషి కాబట్టి ఆ మాట తోచిందేమో అని నా ఊహ. ఊహే, ప్రమాణం లేదు. ఆ పేరు నిలవలేదు. తర్వాత వచ్చినవాళ్లు సంగ్రహం అన్నారు, ఉపన్యాసం అన్నారు, చివరికి వ్యాసం స్థిరపడింది. లెక్కల పుస్తకంలో ప్రమేయం మిగిలింది గానీ తెలుగు క్లాసులోంచి ఆ మాట వెళ్లిపోయింది.

ఇంకా వెనక్కి వెళ్తే న్యాయశాస్త్రం ఉంది. తెలుగువాడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో రాసిన ‘తర్కసంగ్రహం’ మొన్నమొన్నటి దాకా సంస్కృతం చదివే పిల్లలకు తొలి తర్క పాఠం. అందులో ఒక తేడా చెబుతాడు. కొండ మీద పొగ చూసి నిప్పుందని నా మటుకు నేను అనుకోవడం ఒకటి. దాన్నే ఇంకొకడు ఒప్పుకునేట్టు చెప్పడం ఇంకొకటి. రెండోదానికి అయిదు మెట్లు కావాలి: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుంది, ఇది ప్రతిజ్ఞ. పొగ ఉంది కాబట్టి, ఇది హేతువు. పొగ ఉన్న ప్రతి చోటా నిప్పుంటుంది, మనింట్లో పొయ్యిలాగా, ఇది ఉదాహరణ. ఇంగ్లండులో స్టీఫెన్ టూల్మిన్ అనే ఆయన 1958లో వాదన ఎట్లా నిలబడుతుందో చెబుతూ ఒక పుస్తకం రాశాడు. వాదం, ఆధారం, ఆ రెంటినీ కలిపే పూచీ అనే మూడు ముక్కలూ మొదలుకొని ఆయన గీసిన బొమ్మనే ఇప్పుడు అమెరికా కాలేజీల్లో మొదటేడు పిల్లలకు నేర్పుతున్నారు. రెండూ ఒకటే అని నేననను, మన దగ్గర అన్నీ ముందే ఉన్నాయని చంకలు గుద్దుకోవడం అసలే అనను. ఉన్నదాన్ని మనం బడిలోకి తెచ్చుకోలేదు, అది నా బాధ.

బడిలోకి మాట ఒకటి మాత్రం వచ్చింది. ప్రతిజ్ఞ. 1962లో విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకటసుబ్బారావు రాసింది, దేశమంతా పిల్లలు పొద్దున్నే చెయ్యి చాచి చెప్పేది. అది గొప్ప మాటే, కాదనను. కానీ మన పిల్లలకు ప్రతిజ్ఞ అంటే అందరూ ఒకే గొంతుతో చెప్పేది, ఎందుకని అడగనిది. తర్కంలో ప్రతిజ్ఞ అంటే ఒకడు నిలబడి చెప్పేది, వెంటనే ఎందుకని అడిగించుకునేది. ఒకే మాటకు రెండు బతుకులు.

పుష్కరిణి మెట్ల మీద ఇది చెబితే ఒకబ్బాయి నవ్వాడు. “అయితే హేతువు సెకండ్ పీరియడ్‌లో రావల్ల సార్.” రాదు నాయనా, అదే కదా గొడవ.

1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు నుంచి విడదీసిన తాలూకాలకు కడప నుంచి తెచ్చిన మదనపల్లె, వాయల్పాడు కలిపి చిత్తూరు జిల్లా చేశారు. కార్వేటినగరం జమీందారీ కూడా అందులోకే వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మద్రాసు రాజధాని మొత్తం మీద తెలుగు పిల్లల వ్యాసరచన పెద్ద రచ్చ అయి కూచుంది. బడి పరీక్షల్లో పిల్లలు సొంతంగా రాయాలి. బాగానే ఉంది. ఏ తెలుగులో రాయాలి? ఉత్తర జిల్లాల్లో బడుల ఇన్‌స్పెక్టరుగా ఉన్న యేట్స్ దొరకు వచ్చిన అనుమానం చాలా మామూలుది: టీచరు మాట్లాడే తెలుగుకూ పుస్తకంలో తెలుగుకూ ఇంత తేడా ఎందుకు? ఆ అనుమానం గిడుగు రామమూర్తిని కదిలించింది. 1912లో స్కూల్ ఫైనల్ పరీక్షలో కావ్యభాషలో గానీ ఆధునిక భాషలో గానీ రాయొచ్చని అధికారులు వెసులుబాటు ఇచ్చారు. అప్పటికే 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గట్టిగా ఎదిరించింది. విశ్వవిద్యాలయం ఉపసంఘం వేసింది. ఉపసంఘంలో గ్రాంథికం వైపే మొగ్గు. గురజాడ అప్పారావు 1914లో తన అసమ్మతి పత్రం ఇచ్చాడు. తర్వాతి ఏడాది నవంబరులో ఆయన పోయాడు. పరీక్షలో ఇచ్చిన వెసులుబాటు కూడా పోయింది.

ఈ కథ మనందరికీ భాషా ఉద్యమం కథగా తెలుసు. నాకు దాన్ని ఇంకో వైపు నుంచి చదవడం ఇష్టం. అది మొదలైంది పిల్లలు రాసే వ్యాసం దగ్గర. రచ్చ ముదిరేసరికి ‘పిల్లవాడు ఏం చెప్పాలి, చెప్పినదాన్ని ఎట్లా నిలబెట్టుకోవాలి’ అనే ప్రశ్న పక్కకు పోయి, ‘చేసినాడు అనాలా, చేసెను అనాలా’ అనేదే మిగిలింది. రెండు పక్షాల్లో ఎవరు గెలిచినా టీచరు చేతిలో ఎర్ర ఇంకు క్రియాపదం మీదే పడింది. దాని తర్వాత ఎనభై ఏళ్లకు నేను ‘ఏసినోళ్ల’ కింద గీత గీశాను.

తమాషా ఏమిటంటే, ఆ రచ్చలో పాల్గొన్నవాళ్లు మాత్రం రుజువుతో వాదించడానికి మనకు దొరికే మంచి నమూనాలు వదిలి వెళ్లారు. గిడుగు ‘వ్యావహారికం మంచిది’ అని ఊరుకోలేదు. పాత వచన గ్రంథాలు, వ్యాఖ్యానాలు, తాళపత్రాలు తిరగేసి, పండితులే వచనం రాసేటప్పుడు వాడుక రూపాలు వాడారని పోగేసి ‘గద్యచింతామణి’లో పెట్టాడు. గ్రాంథికం రాయగలమన్నవాళ్లు గ్రాంథికంలోనే ఎన్ని తప్పులు చేశారో ఏరి ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’ అని ఇంకో పుస్తకం వేశాడు. ఈ రెండో పద్ధతి చూడండి. ఎదుటివాడి ప్రమాణంతోనే ఎదుటివాడిని కొలవడం. మీ కొలబద్ద తప్పు అనలేదు, మీ కొలబద్దకు మీరే సరిపోవడం లేదు అన్నాడు. ఇంత పదునైన వాదన ఎట్లా కట్టాడో ఏ తెలుగు క్లాసులోనూ చెప్పరు. గిడుగు పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసి, ‘తెలుగు తియ్యదనం’ మీద వ్యాసరచన పోటీ పెడతారు. అందులో ఫస్టు వచ్చే వ్యాసం ఎట్లా ఉంటుందో మీకూ నాకూ తెలుసు. గురజాడ అసమ్మతి పత్రం సంగతి ఇంకా విచిత్రం. తెలుగు పిల్లవాడు తన తెలుగులో రాసుకునే హక్కు కోసం ఆయన అంత పెద్ద వాదన రాసింది ఇంగ్లీషులో.

ఇక పాఠ్యం మీద మాట చెప్పడం సంగతి. దానికి చిత్తూరు వాళ్లు ఎక్కడికో పోనక్కర్లేదు. ఊరి పక్కనే కట్టమంచి. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో, అవే రచ్చ రోజుల్లో, ‘కవిత్వతత్త్వవిచారము’ అచ్చు వేశాడు. పింగళి సూరన కావ్యాల మీద, ముఖ్యంగా ‘కళాపూర్ణోదయం’ మీద. అప్పటిదాకా కావ్యం గురించి రాయడమంటే ఎక్కువగా కవి ఏ ఊరివాడు, ఏ కాలంవాడు, ఏ రాజు దగ్గర ఉన్నాడు, ఏ పద్యంలో ఏ అలంకారం. కట్టమంచి కావ్యాన్ని ముక్కలుగా కాక మొత్తంగా చూడాలన్నాడు. కథ ఎట్లా అల్లాడు, పాత్రలు మనుషుల్లాగా ఉన్నాయా, వర్ణన కథకు పనికొస్తోందా అడ్డుపడుతోందా అని అడిగాడు. సూరనను నెత్తిన పెట్టుకుంటూనే సూరనలో తప్పులూ చూపించాడు. నచ్చినవాణ్ని తప్పు పట్టడం, ఆ తప్పును పుస్తకంలోంచే చూపడం, రెండూ మనకు కొత్త. ఆయన తీర్పులు కొన్ని ఇప్పుడు చదివితే దొరల సాహిత్యం చదివిన కుర్రాడి తొందరలాగే కనిపిస్తాయి, ప్రబంధాలన్నిటినీ ఒకే గాటన కట్టడం మరీను. కానీ ఆయనతో గొడవ పడాలంటే మనం కూడా కావ్యం తెరవాల్సిందే. అదే ఆయన చేసిన మేలు. ‘కళాపూర్ణోదయం అద్భుతమైన కావ్యం’ అన్నవాడితో గొడవ పడటానికి ఏముంది?

ఇది చెప్పాక మెట్ల మీద పిల్లలకి ఒక పని పెట్టాను. మీ ఊరి గురించి మీకు బాగా తెలుసనుకునే ఒక్క వాక్యం రాయండి. కింద ‘నాకెట్ల తెలుసు’ అని రాసి జవాబివ్వండి. దాని కింద ఇంకో వరుస: ‘ఏం దొరికితే నేను తప్పని ఒప్పుకుంటాను?’ మూడో వరుస నేను ఎక్కడి నుంచో తెచ్చింది కాదు, పేపర్లు దిద్దీ దిద్దీ తెలుసుకున్నది. ఏం దొరికినా తప్పని ఒప్పుకోలేని వాక్యం రెండు రకాలు. ఒకటి ఎవరూ కాదనని మాట, నీరు ప్రాణాధారం లాంటిది. రెండోది భక్తి. రెండింటితోనూ వ్యాసం నడవదు.

సగం మంది మళ్లీ కాడు వెట్టి దగ్గరికే వచ్చారు. ఈసారి తీరిగ్గా విప్పాం. ఒక ఊహ, అడవి నరకడం. రెండో ఊహ నేనే అందించాను: పాత శాసనాల్లో కాడువెట్టి అన్నది పల్లవులకు బిరుదు, ఈ ప్రాంతం ఒకప్పుడు వాళ్లు తిరిగిన నేల, కాబట్టి ఊరి పేరు అడవిది కాదు, రాజుది కావచ్చు. మూడోది ఒకమ్మాయి తెచ్చింది. “సార్, కారడవి అంటాం గదా. అరవం ఎందుకు, తెలుగులోనే కారు ఉండాది.” అప్పటిదాకా చున్నీ కొస వదలని అమ్మాయే. నాకు భలే సంతోషమేసింది. తప్పు కావచ్చు. ‘కారు’ సరే, ‘వేటి’ని ఏం చేస్తుంది? ఆ మాట ఆమే అనేసింది నాకంటే ముందు.

మరి ఏది నిజం? తేల్చాలంటే ఏం కావాలో పట్టిక వేశాం. ఊరి పేరున్న అన్నిటికంటే పాత శాసనమో కాగితమో. అందులో అక్షరాలు ఎట్లా ఉన్నాయి. ఊరు కట్టింది బొమ్మరాజుల కాలంలోనే అయితే పల్లవుల బిరుదు అన్ని వందల ఏళ్లు ఎక్కడ దాక్కుని వచ్చింది. కంపెనీ కాగితాల్లో ఈ జమీందారీకి బొమ్మరాజు పేరే కనిపిస్తుంది, ఊరి పేరు కాదు. అంటే ఊరి పేరు కోసం వెతికేవాడు ఇంకో పేరు కింద కూడా వెతకాలి. ఆర్థర్ కాక్స్ 1881లో వేసిన ఉత్తర ఆర్కాటు మాన్యువల్ చూడాలి. మెకంజీ మనుషులు ఊరూరూ తిరిగి రాయించుకున్న కైఫీయతులు చూడాలి. ఆ కైఫీయతుల్లో నాకు నచ్చే గుణం ఒకటుంది. చాలా చోట్ల, ఈ సంగతి ఫలానా కరణం దగ్గరి కవిలెలో ఉంది, ఇది ఊరి పెద్దలు చెప్పగా విన్నది అని వేరుచేసి రాసుకుంటారు. డిగ్రీలు లేని ఆ గుమాస్తాలకు తెలిసిన తేడా మన పరిశోధన గ్రంథాల్లో కొన్నిటికి తెలియదు.

అప్పుడు వెనక మెట్టు మీదున్న కుర్రాడు ఒక సంగతి లేవదీశాడు. “సార్, మేం తొమ్మిది మందిమి ఒకే మాట చెప్పినాము గదా. తొమ్మిది మందికీ చెప్పింది ఒకే సారు.” అంటే తొమ్మిది సాక్ష్యాలు కాదు, ఒకటే. ఇంకొకడు ఫోన్ చూసి, “నెట్‌లో నాలుగు చోట్ల ఉండేది కూడా ఒకేటి సార్, అక్షరం మారకుండా,” అన్నాడు. నేను ఆ పొద్దుటికి చెప్పాలనుకున్న పాఠం అదే. వాళ్లే చెప్పేశారు.

సారంగపాణి దగ్గర మాత్రం గట్టిగా పోట్లాడుకున్నారు. పదకర్త సారంగపాణి కార్వేటినగరం ఆస్థానంలో ఉండేవాడని పుస్తకాలంటాయి. ఊరి నడుమ వేణుగోపాలస్వామి గుడి. ఆయన పదాల్లో ముద్ర వేణుగోపాల. “ఇంకేం కావాల సార్?” అన్నారు. నేనన్నాను, వేణుగోపాలస్వామి గుడి లేని తాలూకా చూపించండి. క్షేత్రయ్యను మువ్వగోపాల ముద్ర పట్టుకునే కృష్ణా జిల్లా మొవ్వకు తీసుకెళ్లారు, కాబట్టి ముద్ర గట్టి ఆధారమే. కానీ ‘మువ్వ’ ఊరి పేరు, ‘వేణు’ ఊరి పేరు కాదు. ఒకటి చిరునామా చెప్పే ముద్ర, ఇంకొకటి చెప్పనిది. అయితే సారంగపాణి ఇక్కడివాడు కాదా అని ఒకమ్మాయికి కోపమొచ్చింది. కాదనలేదమ్మా, ముద్ర ఒక్కటే చాలదన్నాను. మరి పదాల్లో మాట ఉంది కదా, అన్నదామె. ఆ పదాల్లో ఆడవాళ్లు తిట్టుకునే, వేళాకోళమాడే జానుతెలుగు ఉంది. ఆ మాటల్లో ఈ నాలుగు తాలూకాల్లో తప్ప ఇంకెక్కడా అననివి పది ఏరితే? ఆ పని చెయ్యగలిగింది నేను కాదు, మా అవ్వ మాట ఇదీ అని చెప్పగల ఆ అమ్మాయే. ఆమె నోట్సులో ‘అవ్వను అడగాల’ అని రాసుకుంది.

పుత్తూరు కట్టు విషయం కూడా వచ్చింది, రాక తప్పదు ఆ దారిలో. విరిగిన ఎముకకు ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలతో కట్టే కట్టు. ఒకడు రాశాడు: పుత్తూరు కట్టు కడితే ఎముక తప్పకుండా అతుక్కుంటుంది. ఎట్ల తెలుసు? “మా మామకి అతుక్కున్నాది సార్. మా ఊళ్లో ఆరుమందికి అతుక్కున్నాది.” పక్కనున్న పిల్ల నెమ్మదిగా అంది, “అతుక్కోనోళ్లు యాడికి పోతారు రా? వేలూరు ఆస్పత్రికి పోతారు. వాళ్లు మళ్లీ పుత్తూరొచ్చి చెప్పరు గదా.” అరగంట తర్వాత ఆ కుర్రాడు వాక్యం మార్చి తెచ్చాడు: పుత్తూరు కట్టు మీద మా ఊళ్లో నమ్మకం ఇంత గట్టిగా ఉండడానికి ఒక కారణం, బాగైనోళ్ల కథలే ఊళ్లోకి తిరిగి వస్తాయి. కట్టు పనిచేస్తుందా లేదా అనేది ఆ వాక్యం చెప్పదు. చెప్పలేనని దానికి తెలుసు. నేను బడిలో ఉన్న కాలంలో నాకు అట్లాంటి వాక్యం ఒకటే వచ్చింది, దానికి మూడు మార్కులేశాను.

ప్రభుత్వాలు అసలు ఏమీ చెయ్యలేదని కాదు. 2011 రాష్ట్ర పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత వచ్చిన తెలుగు వాచకాల్లో ‘ఎందుకు? కారణాలు రాయండి’, ‘మీ అభిప్రాయాన్ని సమర్థించండి’ లాంటి ప్రశ్నలు బోలెడు. ఆ ప్రశ్నలకు గైడు అచ్చు కావడానికి ఎన్నో రోజులు పట్టలేదు. ‘మీ అభిప్రాయం ఏమిటి?’ అన్న ప్రశ్న కింద గైడులో ‘నా అభిప్రాయం’ అని జవాబు ఉంటుంది, రాష్ట్రంలో లక్షల మందికి అదే అభిప్రాయం. గైడు కంపెనీలను తిట్టి లాభం లేదు. నలభై పేపర్లు రాత్రికి దిద్దాల్సిన టీచరుకు ముప్పై తొమ్మిది ఒకేలా ఉంటేనే సుఖం. నాకు తెలుసు.

మధ్యాహ్నం ఎండెక్కింది. మెట్ల మీంచి లేచి గుడి నీడలోకి మారాం. చివరి పేపరు కారడవి అమ్మాయిది. వాళ్లకు మూడెకరాల తోతాపురి తోట. ఆమె మొదట రాసిన వాక్యం జిల్లాలో ఎవరైనా అనేదే: దళారుల వల్ల మామిడి రైతు నష్టపోతున్నాడు. ఎట్ల తెలుసు అన్న చోట కొట్టేసి కొట్టేసి ఇట్లా రాసింది. వాళ్ల నాయన మామిడి తోలిన తూకం చీటీలన్నీ ఒక సంచిలో పెట్టి ఉన్నాయట, నాలుగేళ్లవి. గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరు ఎన్ని గంటలు నిలబడిందో వాటి మీద ఉండదు గానీ, తోలిన తేదీ, తూకం తేదీ ఉంటాయి. రెండింటికీ మధ్య ఎన్ని రోజులు గడిస్తే కాయ అంత మెత్తబడుతుంది, అంత ధర తగ్గుతుంది. కాబట్టి నష్టం దళారి దగ్గరే మొదలవుతోందా, గేటు ముందు వరుసలో మొదలవుతోందా అనేది చీటీలు చూస్తే తెలుస్తుంది. ఇంకా చూడలేదు. చూసినాక రాస్తాను.

ఆమె పేపరు చదివి నేను ఊరుకోలేకపోయాను. నలభయ్యో పేపరు కథ వాళ్లకు చెప్పేశాను. ఇరవై మూడు బావులు, నాలిగిట్లో నీళ్లు, పదికి మూడు మార్కులు, ఎర్ర ఇంకు, అంతా. చెప్పేటప్పుడు గొంతు కొంచెం మారిందేమో. పిల్లలు ఏమీ అనలేదు. ఒకరిద్దరు తలలు దించుకున్నారు, పెద్దాయన బాధపడుతున్నాడని.

ఆ అమ్మాయి మాత్రం తల దించుకోలేదు.

“ఆ పిల్లోడు రాసింది నిజమేనని మీకెట్ల తెలుసు సార్?”

“అంటే?”

“ఆ ఊరికి పోయి బావులు చూసినారా మీరు? అప్పుడు గానీ, తర్వాత గానీ?”

మేముండే చోటి నుంచి ఆ ఊరు అయిదు కిలోమీటర్లు. సైకిలు ఉండేది నాకు.

“లేదమ్మా,” అన్నాను. “పోలేదు.”

ఆమె నోట్సులో ఏదో రాసుకుంది. ఏం రాసుకున్నావని నేను అడగలేదు.